గేటు ఎవరికి వేయాలి?

మన్ననూరు అటవీ చెక్‌పోస్టు రాత్రి 9 గంటలకు మూసుకుంటుంది. మళ్లీ తెరిచేది పొద్దున 6 గంటలకు. ఆ మధ్యలో శ్రీశైలం పోయే బండ్లు అక్కడ ఆగాల్సిందే. 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ మధ్య నుంచి ఆ రోడ్డు పోతుంది. రాత్రిపూట తిరిగే జంతువులు బండ్ల కింద పడి చావకూడదని ఈ కట్టుబాటు పెట్టారు. ఈ సంగతి మనందరికీ తెలిసిందే. దాని వెనుక ఉన్న ఆలోచన కూడా తేలికైనదే. ప్రమాదం తెచ్చేది బండి, కాబట్టి ఆపాల్సింది బండినే. చీకటి పడ్డాక బయటికి రావద్దని పులికి ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు మన ఇండ్లలో ఏమంటామో చూద్దాం. బస్టాండు దగ్గర ఎవడో ఒకడు అమ్మాయి వెంట పడ్డాడని తెలిస్తే మన నోట వచ్చే మొదటి మాట, "ఇగ నువ్వు ఒక్కదానివే పోకు." ఆటోలో ఎవడో చెయ్యి వేశాడంటే, "ఆ ఆటో ఎందుకెక్కినవు?" అంటాం. దారిలో మాటలు విసిరారంటే, "ఆ దారిన ఎందుకు పోయినవు?" అంటాం. తప్పు చేసినవాడు రేపు కూడా అక్కడే నిలబడతాడు. దారి మారేది, బడి మానేది, ఇంట్లో ఉండిపోయేది అమ్మాయే. ఇక్కడ గేటు ఎవరికి పడింది? హాని చేసేవాడు ఒకడైతే దారి మూసుకుపోయేది మరొకరికా? ఇది న్యాయమేనా? ఈ ప్రశ్నను మన యువతతో, మన బడి పంతుళ్లతో కలిసి ఆలోచించాలని మేము ఇది రాస్తున్నాం.

మన అమ్మలు, అవ్వలు భయం తెలియని మనుషులేమీ కాదు. గడ్డలు తవ్వడానికి, ఇస్తరాకులకు, చింతపండుకు, ఇప్పపువ్వుకు వాళ్లు అడవిలోకి పోతూనే ఉన్నారు. ఇద్దరు ముగ్గురు కలిసి పోతారు, ఒక్కోసారి ఒక్కరే పోతారు. ఎలుగుబంటి ఉంటుందని వాళ్లకు తెలుసు, పెద్దపులి అడుగు ఎట్లుంటుందో తెలుసు. 1940లో హైమెండార్ఫ్ అనే పరిశోధకుడు అమ్రాబాద్ పీఠభూమి మీద చెంచుల మధ్య ఉన్నాడు. ఆయన పుస్తకం 1943లో వచ్చింది. తిండి వెతకడంలోనూ, ఇంటి సంగతుల్లోనూ చెంచు స్త్రీ మగవాడితో సమానంగా నిలబడే మనిషి అని ఆయన గమనించాడు. అట్లాంటి ఇంట పుట్టిన పిల్ల ఇవాళ అడవి బాటలో కంటే తారు రోడ్డు మీద ఎక్కువ జంకుతున్నది. దీని గురించి మనం ఆలోచించాలి.

అడవి ప్రమాదానికి ఒక తీరు ఉంటుంది. జంతువు ఏ వేళ నీళ్లకు వస్తుందో, ఏ చప్పుడుకు పక్కకు తప్పుకుంటుందో పెద్దలు పిల్లలకు నేర్పుతారు. పులికి మంచీ చెడూ లేదు. ఇది తప్పు అని దానికి చెప్పలేం కాబట్టి మనమే జాగ్రత్త పడతాం. మనిషి సంగతి వేరు. తాను చేసేది తప్పని అతనికి తెలుసు. తెలుసు కాబట్టే చుట్టూ ఎవరున్నారో చూసుకుని, ఆమె ఒంటరిగా ఉందని నిర్ధారించుకుని మరీ నోరు విప్పుతాడు. ఆమె అన్న ఎదురైతే అదే నోరు మూతపడుతుంది. అంటే తనను తాను ఆపుకోవడం అతనికి వచ్చు. "మగవాళ్లు అట్లనే ఉంటరు, మనమే జాగ్రత్తగా ఉండాలె" అనే మాట అతన్ని జంతువుల లెక్కలో కలిపి తప్పు నుంచి తప్పిస్తున్నది. అది మగవాళ్లకు కూడా మర్యాద ఇచ్చే మాట కాదు.

మనం వాడే మాటల్లోనూ ఈ తప్పించడం ఉంది. ఆడపిల్లను "ఏడిపించారు" అంటాం. ఆ మాటలోనే ఏడుపు ఉంది, అయినా చెప్పేటప్పుడు నవ్వుతూ చెబుతాం. "అల్లరి" అంటాం, "వయసు సరదా" అంటాం. పేపర్లు చాలా ఏండ్లు "ఈవ్ టీజింగ్" అని రాశాయి. వెంటపడటం, దారి కాయడం, ఫోన్‌లో ఫోటో తీయడం, ఒంటి మీద చెయ్యి వేయడం, ఇవన్నీ వేరువేరు తప్పులు. అన్నింటినీ అల్లరి అనే ఒక్క సంచిలో వేస్తే ఏదీ తప్పులా కనిపించదు. మన పిల్లలకు ముందు వీటిని వాటి పేరుతో పిలవడం నేర్పాలి.

2019 నవంబర్‌లో మన రాష్ట్రంలో మూడు రోజుల తేడాతో జరిగిన రెండు ఘోరాలను గుర్తు చేసుకుందాం. నవంబర్ 27 రాత్రి శంషాబాద్ దగ్గర ఒక పశువైద్యురాలిని నలుగురు చంపారు. దిశ అని లోకం పిలిచింది ఆమెనే. దేశమంతా కదిలింది. ఆ వేడిలోనే అప్పటి హోంమంత్రి, ఆమె చెల్లెలికి కాకుండా 100కు ఫోన్ చేసి ఉంటే బతికేదన్నారు. ఆర్టీసీ మహిళా ఉద్యోగుల డ్యూటీ రాత్రి 8 గంటలకల్లా ముగియాలని ముఖ్యమంత్రి చెప్పారు. మంచి ఉద్దేశంతోనే చెప్పి ఉండవచ్చు. కానీ రెండు మాటల్లోనూ మారాల్సింది ఆడవాళ్లే: ఒకరు ఫోన్ చేయాల్సిన తీరు, ఇంకొకరు ఇంటికి చేరాల్సిన వేళ. డిసెంబర్ 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికి వచ్చింది. నిందితులను చంపాలనే ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని అది చెప్పింది. నలుగురిని చంపి పూలు చల్లుకున్నాం, బస్టాండు మాత్రం అట్లనే ఉంది.

దానికి మూడు రోజుల ముందు, నవంబర్ 24న, కొమురంభీం ఆసిఫాబాద్ జిల్లా లింగాపూర్ మండలం ఎల్లాపటార్ దగ్గర ఇంకొక మహిళను అత్యాచారం చేసి చంపారు. ఆమె ఊరూరా తిరిగి సామాన్లు అమ్ముకుని బతికే దళిత మహిళ. ఆమెకు సమత అని పేరు పెట్టారు. ఆదిలాబాద్ ప్రత్యేక కోర్టు రెండు నెలల్లో విచారణ ముగించి 2020 జనవరి 30న ముగ్గురికి మరణశిక్ష వేసింది. దిశ పేరు తెలిసినంతగా ఈమె పేరు లోకానికి తెలియదు. మనం మాత్రం ఈమె నుంచి నేర్చుకోవాల్సింది ఎక్కువ. ఎందుకంటే నడవడమే ఈమె బతుకుదెరువు. "ఒంటరిగా పోవద్దు" అని ఈమెకు చెప్పడమంటే "తినవద్దు" అని చెప్పడమే. గడ్డలకు పోయే చెంచు తల్లికి, కూలికి పోయే లంబాడీ అక్కకు, పొద్దున్నే అంగన్‌వాడీ తెరిచే టీచరమ్మకు కూడా ఇదే లెక్క. ఇంట్లో కూర్చుంటే గడిచేవాళ్లకు మాత్రమే పనికొచ్చే సలహా అది.

ఇంకొక సంగతి కూడా ఒప్పుకోవాలి. వెంట ఎవరైనా ఉంటే చాలు, ప్రమాదం పోతుందని మనం నమ్ముతాం. 2024 జూన్‌లో మన నాగర్‌కర్నూల్ జిల్లాలోనే, కొల్లాపూర్ మండలంలో ఒక చెంచు మహిళను కాల్చి, కారం చల్లి హింసించారు. అరెస్టయినవాళ్లలో ఆమె సొంత బంధువులు ఉన్నారు. దేశంలో నమోదయ్యే అత్యాచారం కేసుల్లో పదింట తొమ్మిదికి పైగా తెలిసినవాళ్లు చేసినవేనని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కలు ఏటేటా చెబుతున్నాయి. ఇల్లు భద్రం, రోడ్డు ప్రమాదం అనే గీత మనం గీసుకున్నదే. ఆడమనిషిని కాపాడేది ఆమె పక్కనున్న మగవాడు కాదు, ఆమె మాటకు చుట్టుపక్కలవాళ్లు ఇచ్చే విలువ.

గేటు ఆడపిల్లకు వేస్తే ఏమవుతుందో మన పంతుళ్లకు బాగా తెలుసు. ఆశ్రమ పాఠశాలలో పదో తరగతి దాకా బాగా చదివిన పిల్ల కాలేజీకి పోవాలంటే బస్సెక్కాలి. బస్సు ఆగేచోటికి పెంట నుంచి నడిచి రావాలి. దారిలో ఒకడు ఏదో అన్నాడని తెలియగానే చదువు ఆగుతుంది. చదువు ఆగిన ఏడాదిలోపే పెండ్లి మాట వస్తుంది. పద్దెనిమిది నిండకుండానే తాళి పడితే, వీధిలో ఒకడు అన్న ఒక్క మాటకు ఆ పిల్ల జీవితమంతా మూల్యం కట్టినట్టే. అన్నవాడు మాత్రం ఏమీ కోల్పోలేదు. ఈ భయంతోనే పిల్లలు తమకు జరిగింది ఇంట్లో చెప్పరు. చెబితే బడి మాన్పిస్తారని వాళ్లకు తెలుసు. అంటే మనం వేసే గేటు ఆమె నోటికి కూడా పడుతున్నది. 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. దారి ఖర్చు తప్పింది. దారి భయం తప్పించడం మాత్రం ఏ పథకంతోనూ కాదు, అది మన పని.

ఇక్కడ తల్లిదండ్రులు ఒక మాట అడుగుతారు. "నీతి సరే. రేపు పొద్దున నా బిడ్డకు ఏమన్నా అయితే మీ నీతి తిరిగి తెస్తదా?" ఇది కొట్టిపారేసే ప్రశ్న కాదు. మేమూ ఆడబిడ్డలున్న ఇండ్లవాళ్లమే. తోడు ఉండటం తప్పని మేము అనడం లేదు. నలుగురు పిల్లలు కలిసి నడవడం మంచిదే, మన పెద్దలూ అడవికి కలిసే పోయారు. జాగ్రత్త వేరు, కట్టడి వేరు. జాగ్రత్త ఆమె దారిని నిలబెడుతుంది. కట్టడి ఆమె దారిని తీసేస్తుంది. ఆమె అడిగితే తోడు పోవాలి. ఆమెను అడగకుండా బడి మాన్పించడం తోడు కాదు. ఏదైనా జరిగితే "ఎందుకు పోయినవు" అని అడగవద్దు. జాగ్రత్త చెప్పిన ప్రతి ఇల్లు, ప్రతి బడి ఇంకొక పని కూడా చేయాలి. ఆ దారిలో నిలబడేవాడు ఎవడో తెలుసుకుని అడగాలి. ఆ రెండో పని చేయకుండా మొదటిది మాత్రమే చేస్తే అది సగం ధర్మం. ఆ సగం బరువంతా ఆడపిల్ల మీదనే పడుతుంది.

ఆ దారిలో నిలబడేవాడు ఎప్పుడూ బయటివాడే అనుకోవడం కూడా సులభమే. టూరిస్టు కార్లలో వచ్చి ఫోటోలు తీసేవాళ్లున్నారు, నిజమే. కానీ మన తండాల, గూడేల పిల్లగాండ్లు కూడా వెంటపడుతున్నారు. నంబర్లు సంపాదించి రాత్రిళ్లు ఫోన్లు చేస్తున్నారు, వీడియోలు ఒకరికొకరు పంపుకుంటున్నారు. మా జాతిలో ఆడవాళ్లకు ఎప్పుడూ గౌరవమే అని సభల్లో చెప్పుకుంటే చాలదు. చెంచులక్ష్మి కథ మనందరికీ తెలుసు. ఆ నాటకాల్లో నరసింహస్వామి దేవుడై ఉండి కూడా చెంచు పిల్లను ఒప్పించడానికి తిప్పలు పడతాడు. ఆమె ఒప్పుకోవడం ముఖ్యమని ఆ నాటకం ఆడినవాళ్లకు తెలుసు. మన తమ్ముళ్లు కూడా నేర్చుకోవాల్సింది అదే: ఆమె వద్దంటే వద్దనే. ఊరుకుంటే ఒప్పుకున్నట్టు కాదు.

చట్టం మన వైపు ఎంతవరకు ఉందో కూడా తెలిసి ఉండాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 75వ సెక్షన్ లైంగిక వేధింపు గురించి, 78వ సెక్షన్ వెంటపడటం గురించి, 79వ సెక్షన్ ఆడవాళ్లను అవమానించే మాటలు, సైగల గురించి ఉన్నాయి. నేరం చేసినవాడు ఎస్సీ, ఎస్టీలకు చెందనివాడైతే 1989 నాటి అట్రాసిటీ చట్టం కూడా వర్తిస్తుంది. ఎస్టీ మహిళను ఆమె ఒప్పుకోకుండా లైంగిక ఉద్దేశంతో తాకడం, అట్లాంటి మాటలు అనడం, సైగలు చేయడం ఆ చట్టం కింద నేరమే. ఆ కేసు దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చేయాలి. ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు, తమ పరిధి కాదని తిప్పి పంపకూడదు. 112, మహిళలకు 181, పిల్లలకు 1098 నంబర్లు ఉన్నాయి. అయితే సిగ్నల్ లేని పెంటలో ఈ నంబర్లు మోగవు. స్టేషన్ మెట్లెక్కితే న్యాయం దొరుకుతుందనే నమ్మకం కూడా మనవాళ్లకు తక్కువ. 2007 ఆగస్టు 20న విశాఖ మన్యంలోని వాకపల్లిలో పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది ఆదివాసీ మహిళలు చెప్పారు. పదహారో ఏట, 2023 ఏప్రిల్‌లో, కోర్టు నిందితులను విడిచిపెట్టింది. దర్యాప్తు లోపాలను ఎత్తిచూపి, ఆ మహిళలకు పరిహారం ఇవ్వాలని అన్నది. అందుకే చట్టాన్ని తెలుసుకోవాలి, దాన్ని పని చేయించడానికి ఆమె వెంట పదిమంది నిలబడాలి కూడా.

ఆ పదిమంది ఎవరు? బస్సులో ఒకడు అమ్మాయి మీదికి ఒరుగుతుంటే కిటికీ వైపు చూసే మనమే. మన మౌనం చూసే అతనికి ధైర్యం వస్తున్నది. దెబ్బలాడాల్సిన పని లేదు. "ఏం తమ్మీ, పక్కకు నిలబడు" అని ఒక్కరు గట్టిగా అంటే బస్సంతా తిరిగి చూస్తుంది. కండక్టర్‌ను పిలవవచ్చు. "చెల్లె, ఇటు వచ్చి కూర్చో" అని మన సీటు ఇవ్వవచ్చు. పంతుళ్లు ఇంకొక అడుగు ముందుకు వేయవచ్చు. ఏ పిల్ల ఏ బాటలో వస్తున్నదో, ఏ మలుపు దగ్గర జంకుతున్నదో ఆమెనే అడిగి తెలుసుకోవచ్చు. బస్సు వేళ మార్చమని డిపోకు, బస్టాపు దగ్గర లైటు వేయమని పంచాయతీకి బడి పేరుతో ఉత్తరం రాయవచ్చు. ఈ పాఠం ఆడపిల్లలను పక్కన కూర్చోబెట్టి చెప్పే జాగ్రత్తల పాఠంగా కాకుండా, మగపిల్లలను ముందు బెంచీలో కూర్చోబెట్టి చెప్పే నడవడి పాఠంగా ఉండాలి.

చెప్పడానికి వచ్చిన పిల్లతో మన మొదటి మాట "నువ్వెందుకు పోయినవు" అని కాకుండా "వాడెవడు" అని ఉండాలి. ఈ ఒక్క మాట మారితే, ఆమె రేపు కూడా బడికి వస్తుంది.