తొంభై తొమ్మిదేళ్ళ ఇల్లు

మనిషి తొంభై అయిదేళ్ళు బతుకుతాడని సింగపూర్ ప్రభుత్వం ఒక లెక్క పెట్టుకుంది. దీవించడానికి కాదు, ఇంటి డబ్బు తేల్చడానికి. 2019 మే నుంచి పాత ఫ్లాటు కొనేవాళ్ళు తమ సీపీఎఫ్ (జీతంలోంచి తప్పనిసరిగా కూడబెట్టే పొదుపు) సొమ్ము ఎంతవరకు వాడుకోవచ్చో ఈ లెక్కే చెబుతుంది. లీజులో ఇంకా ఎన్నేళ్ళు మిగిలాయో చూస్తారు. కొంటున్నవాళ్ళలో చిన్నవాళ్ళ వయసుకు ఆ ఏళ్ళు కలుపుతారు. మొత్తం తొంభై అయిదుకు చేరితే ఇబ్బంది లేదు. చేరకపోతే వాడుకోగలిగే సొమ్ము తగ్గుతుంది. మా సెరంగూన్ సెంట్రల్ చుట్టుపక్కల ప్రభుత్వ గృహ సంస్థ హెచ్‌డీబీ కట్టిన బ్లాకులు చాలావరకు 1980ల్లో లేచినవే. తొంభై తొమ్మిదేళ్ళ లీజులో నలభై ఏళ్ళ దాకా ఖర్చయిపోయింది. ముప్ఫై ఎనిమిదేళ్ళవాళ్ళు వచ్చి చూసుకుంటే ఆ గీత దాటీ దాటనట్టు బయటపడతారు. ముప్ఫై మూడేళ్ళవాళ్ళకైతే చిక్కే.

ఇల్లు చూడబోయి తన ఆయుష్షుతో కూడికలు చేసుకోవడం మనవాళ్ళకు కొత్త. మన దస్తావేజు రాసేవాళ్ళకు చావు అన్న ఊహే ఉండదు. పుత్ర పౌత్ర పారంపర్యంగా, దాన విక్రయాది సర్వ హక్కులతో అనుభవించమని రాసి, వేలిముద్రలు వేయించి, ముత్తాత దగ్గర్నుంచి ముని మనవడి దాకా ఒకే గీత గీసేస్తారు. ఆ దస్తావేజులున్న ఇళ్ళు మన ఊళ్ళలో ఎన్ని తాళాలు వేసి ఉన్నాయో అందరికీ తెలుసు. కొడుకు హైదరాబాదు వెళ్ళాడు, మనవడు సియాటిల్ వెళ్ళాడు, ఇంకో మనవడు ఇదిగో ఇక్కడ సెరంగూన్‌లో నిలబడి లీజు గురించి నిట్టూరుస్తున్నాడు. కాగితం మీద నాలుగు తరాల ఇల్లు. మనుషులు కాపురమున్నది ఒక తరం, మహా అయితే ఒకటిన్నర.

లీజు తీరడమంటే ఏమిటో ఈ ఊరు ఒకసారి కళ్ళారా చూసింది. గేలాంగ్ లొరాంగ్ 3లో 191 ఇళ్ళు ఉండేవి. హెచ్‌డీబీవి కావు, 1960లో అరవై ఏళ్ళ లీజు మీద ఇచ్చిన స్థలాల్లోని ప్రైవేటు వరస ఇళ్ళు. 2020 డిసెంబరు 31తో ఆ లీజు ముగిసింది. నేల ప్రభుత్వానికి వెళ్ళిపోయింది, పరిహారం అంటూ ఏమీ లేదు. అప్పటికి వాటిలో సొంతదారులు కాపురమున్నవి ముప్ఫై చిల్లరే. మిగతావాటిలో ఎక్కువ భాగం పనివాళ్ళకు అద్దెకు పోయాయి, కొన్ని పూజలకు, ప్రార్థనలకు వాడుకున్నారు. అరవై ఏళ్ళు చాలలేదని మనమనుకుంటాం. ఆ ఇళ్ళలో చాలావాటికి సొంతదారుల అవసరం అంతకు ముందే తీరిపోయింది.

హెచ్‌డీబీ ఇళ్ళకు ఆ రోజు ఇంకా దూరముంది. ఆ సంస్థ పుట్టింది 1960లో, ఇళ్ళు సొంతానికి అమ్మడం మొదలుపెట్టింది 1964లో, సీపీఎఫ్ సొమ్ముతో కొనుక్కోనిచ్చింది 1968లో. ఆ తర్వాత రెండు మూడు తరాలు ఇక్కడివాళ్ళు ఫ్లాటును బంగారంలా చూశారు: కొనాలి, అయిదేళ్ళుండాలి, అమ్మి పెద్దది కొనాలి. 2017 మార్చిలో అప్పటి జాతీయాభివృద్ధి మంత్రి, ఇప్పటి ప్రధాని లారెన్స్ వాంగ్ ఒక సంగతి మెల్లగా చెప్పారు. పాత ఇళ్ళన్నిటినీ ప్రభుత్వం ముందే తీసుకుని కొత్తవి ఇస్తుందనుకోకండి, లీజు తీరితే ఇల్లు తిరిగి ప్రభుత్వానిదే అని. అది లీజు కాగితంలో మొదటినుంచీ ఉన్నదే. చదివినవాళ్ళు తక్కువ.

మా బ్లాకుల్లో మూడు గదుల ఫ్లాటు ఎలా ఉంటుందో చెబుతాను. హాలును కూడా గదిగానే లెక్కేస్తారు కాబట్టి అది మన డబుల్ బెడ్‌రూమ్ ఇల్లే. ఏడువందల చదరపు అడుగులు, కాస్త అటూ ఇటూ. ఇనప గ్రిల్లు, దాని వెనక చెక్క తలుపు, తీయగానే హాలు. హాలు దాటగానే వంటగది. వంటగదిలోనే చెత్త గొట్టం మూత, తీసి పడేస్తే కిందికి జారిపోతుంది. వానాకాలం ఆ మూత సందులోంచి బొద్దింకలు పలకరిస్తాయి. కిటికీ బయట వెదురు గెడలు గుచ్చే గొట్టాలు, బట్టలారేది అక్కడే. ఒకప్పుడు ఈ బ్లాకుల్లో లిఫ్టు అన్ని అంతస్తుల్లో ఆగేది కాదు, 2001 తర్వాత మార్చుకుంటూ వచ్చారు. గుమ్మం ముందు ముగ్గు వేసుకోవచ్చు కానీ వరండాలో మనిషి తప్పించుకుపోవడానికి 1.2 మీటర్ల దారి వదలాలి. చెప్పుల స్టాండూ తులసి కుండీ ఆ కొలతలోనే సర్దుకుంటాయి.

ఇంత చిన్న ఇంట్లో కాపురం చేస్తే వస్తువులే మనతో మాట్లాడతాయి. ఇరవై మూడు కిలోల సూట్‌కేసులు నాలుగు ఎక్కడ పెట్టాలి? అలమార మీద. ఆవకాయ జాడీలు? సింకు కింద. ఇండియానుంచి అమ్మానాన్నలు మూడు నెలలుండడానికి వస్తే పిల్లాడి మంచం హాల్లోకి వస్తుంది. ఆ మూడు నెలలూ ఇల్లు ఇరుకే. నిజం చెప్పాలంటే మనస్పర్థలు వస్తే దాక్కోవడానికి చోటుండదు. తలుపు వేసుకుని అలిగే సౌకర్యం పెద్దిళ్ళవాళ్ళది. ఇక్కడ అలిగినవాళ్ళు లిఫ్టు దిగి, బ్లాకు కింద ఖాళీగా వదిలిన వాయిడ్ డెక్‌లో రాతి బల్ల దగ్గర కాసేపు కూర్చుని వస్తారు. పెళ్ళి పందిరి వేసినా, చావుకు కుర్చీలు వేసినా చాలా కుటుంబాలకు ఆ నేల అంతస్తే దిక్కు. ఇంట్లో లేని వసారా బ్లాకు కింద ఉంది. ఇల్లు చిన్నదని లెక్క కట్టేటప్పుడు దాన్ని ఎవరూ కలపరు.

మన దగ్గర చిన్న ఇల్లు అనగానే ప్రభుత్వ పథకం గుర్తుకొస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో టిడ్కో ఇళ్ళు 300, 365, 430 చదరపు అడుగులు. తెలంగాణలో డబుల్ బెడ్‌రూమ్ పథకం ఇల్లు 560. ఆ కొలత వినగానే ఇది పేదలకు ఇచ్చేది అని మనసు ఒక అడుగు వెనక్కి వేస్తుంది. ఇక్కడ రెండు గదుల ఫ్లెక్సీ అని ఒక రకముంది, చిన్నదైతే నాలుగువందల చదరపు అడుగులకు కాస్త తక్కువే. ముప్ఫై అయిదు దాటిన ఒంటరివాళ్ళు మొదటి ఇల్లుగా కొనుక్కుంటారు. అదే రకాన్ని, అదే కారిడార్‌లో, పిల్లలు పెళ్ళిళ్ళయి వెళ్ళిపోయిన పెద్దవాళ్ళు తక్కువ ఏళ్ళ లీజుకు చివరి ఇల్లుగా తీసుకుంటారు. జీవితం మొదట్లోనూ చివర్లోనూ మనిషికి పట్టే చోటు ఇంచుమించు ఒకటేనన్నమాట. మధ్యలో ఓ పాతికేళ్ళే ఆ చోటు చాలదు.

ఇప్పుడు మార్కెట్ చల్లబడిందంటున్నారు. హెచ్‌డీబీ రీసేల్ ధరలు 2022లో 10.4 శాతం, 2024లో 9.7 శాతం పెరిగాయి. 2025లో మొదటి త్రైమాసికంలో 1.6, రెండోదాంట్లో 0.9, మూడోదాంట్లో 0.4. పెరుగుదల సన్నబడింది కానీ ధర అక్కడే పైన కూర్చుని ఉంది. అయినా ఆదివారం టెక్కా మార్కెట్‌లో కూరగాయలు కొంటూ తగిలే తెలుగువాళ్ళ మాటల్లో తేడా వినపడుతోంది. రెండేళ్ళ కిందట అందరిదీ ఒకటే పాట: ఇప్పుడు కొనకపోతే ఎప్పటికీ కొనలేం. ఇప్పుడు: "ఆగుదామా అన్నయ్యా, ఇంకాస్త తగ్గుతుందేమో." 2013లో గరిష్ఠానికి వెళ్ళిన రీసేల్ ధరలు ఆ తర్వాత ఆరేళ్ళు దిగుతూ వచ్చాయన్న సంగతి కొందరికి గుర్తుంది. ఆరేళ్ళు ఆగినవాళ్ళు లాభపడ్డారా అంటే డబ్బులో కొంత. ఆ ఆరేళ్ళూ వాళ్ళు వేరెవరి ఇంట్లోనో గోడకు మేకు కొట్టడానికి అనుమతి అడుగుతూ బతికారు.

నా మట్టుకు నాకు చల్లని మార్కెట్టే మేలనిపిస్తుంది, తక్కువకు దొరుకుతుందని కాదు. ధర పరుగెత్తుతున్నప్పుడు ఇల్లు చూడబోయినవాళ్ళు ఇంటిని చూడరు. వాల్యుయేషన్ మీద అదనంగా ఇచ్చే నగదు (సీఓవీ) ఎంత, పక్క బ్లాకులో ఎంతకు పోయింది, అమ్మకుండా ఉండాల్సిన అయిదేళ్ళ గడువు (ఎంఓపీ) తర్వాత ఎంతొస్తుంది – ఇదే గొడవ. ఇల్లు చూసిన రోజు సాయంత్రానికే ఆప్షన్ చెక్కు రాసేసినవాళ్ళను చూశాను. పడమటి ఎండ పడకగదిలోకి నేరుగా కొడుతుందని వాళ్ళకు మూడో నెలలో తెలిసింది. ఇప్పుడు ఏజెంటు తొందరపెట్టడు. పొద్దున ఓసారి, సాయంత్రం ఓసారి చూడొచ్చు, పక్కింటి ఆంటీని పలకరించొచ్చు.

మనవాళ్ళకు ఇందులో ఇంకో ముడి ఉంది. శాశ్వత నివాస హోదా (పీఆర్) ఉన్న కుటుంబానికి హెచ్‌డీబీ నేరుగా అమ్మే బీటీఓ కొత్త ఇల్లు దొరకదు; పీఆర్ వచ్చి మూడేళ్ళు నిండితేనే రీసేల్ కొనొచ్చు, దానిమీద అయిదు శాతం అదనపు స్టాంప్ డ్యూటీ. వీటన్నిటికన్నా బరువైన షరతు మరొకటి: ఫ్లాటు కొన్న ఆరు నెలల్లో విదేశాల్లో ఉన్న ఇంటిని కూడా వదులుకోవాలి. విదేశమంటే ఇక్కడ తెల్లాపూర్, నార్సింగి, గాజువాక. ఎంప్లాయ్‌మెంట్ పాస్ (ఈపీ) మీద వచ్చిన కొత్తలో, ఇక్కడ గది అద్దెకుంటూ, అక్కడ మూడు బెడ్‌రూముల ఇల్లు బుక్ చేయడం మనవాళ్ళ ఆనవాయితీ. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్‌లో ఎకరం వందకోట్లు దాటి పలికిందని వార్త వచ్చిన రోజున ఇక్కడ వాట్సాప్ గ్రూపుల్లో పండగే. ఆ పెద్ద ఇళ్ళలో చాలావాటిలో పొయ్యి వెలగలేదు. కరెంటు మీటరు తిరక్కుండానే ఈఎంఐ సగం తీరింది.

నాకు తెలిసిన దంపతులు ఈ షరతు దగ్గరే నెలల తరబడి ఆగిపోయారు. అక్కడిది పద్దెనిమిది వందల అడుగులు, ఇక్కడిది అందులో సగం కన్నా చిన్నది, అదీ తీరిపోయే లీజు మీద. అక్కడిది అమ్మితే వెనక్కి వెళ్ళే దారి మూసేసినట్టు ఆయనకు అనిపించింది. ఆవిడ వాదన వేరు. "ఆ ఇంట్లో మనం ఎన్ని రాత్రులు పడుకున్నామండీ?" గృహప్రవేశం రాత్రి ఒకటి. తర్వాత సెలవుల్లో వెళ్ళినా అద్దెకున్నవాళ్ళను లేపలేక అత్తగారింట్లోనే దిగారు. అనుభవించని ఇంటికి శాశ్వత హక్కెందుకు అన్నది ఆవిడ మాట. ఇది అందరికీ వర్తిస్తుందని నేననను. ఉద్యోగం పోతే, పీఆర్ రద్దయితే తలదాచుకునే ఇల్లు ఒకటి సొంత గడ్డ మీద ఉండాలన్న భయం అబద్ధం కాదు. పరాయి దేశంలో ఉన్నవాళ్ళకు భయం కూడా ఒక ఆస్తే, దాన్ని తేలిగ్గా అమ్ముకోలేరు.

పీఆర్ లేనివాళ్ళకు ఈ చర్చే లేదు. హెచ్‌డీబీ ఇల్లు వాళ్ళకు అమ్మరు. ప్రైవేటు కొందామంటే 2023 ఏప్రిల్ నుంచి విదేశీయులకు అదనపు స్టాంప్ డ్యూటీ అరవై శాతం. వాళ్ళకు మిగిలింది వేరెవరి ఇంట్లోనో అద్దెకిచ్చే కామన్ రూమ్, కాస్త జీతముంటే మాస్టర్ రూమ్. ప్రకటనలో చివర "లైట్ కుకింగ్ ఓన్లీ" అని ఉంటుంది. లైట్ కుకింగ్ అంటే మ్యాగీ చేసుకోవచ్చు, పోపు పెట్టకూడదు. ఇంటి ధరలు చల్లబడ్డాయన్న వార్త ఆ గదిదాకా రాదు. ఎండుమిరపకాయ వేగిన వాసన బయటికి పోతుందని కిటికీ తలుపులన్నీ మూసి చారు కాచుకునే కుర్రాడికి, పద్దెనిమిది వందల అడుగుల ఇల్లూ ఏడువందల అడుగుల ఇల్లూ ఒకలాగే దూరం. తన పేరున ఒక పొయ్యి ఉంటే చాలని అతను అనుకుంటాడు. ఇల్లంటే ఎంత కావాలో నేను విన్నవాటిలో సరిగ్గా ఉన్న కొలత అదే.

షరతు దగ్గర ఆగిపోయిన ఆ దంపతులు చివరికి తెల్లాపూర్‌లోని తమ ఇల్లు బేరం పెట్టారు. సెరంగూన్ అవెన్యూలో ఒక మూడు గదుల ఫ్లాటుకు ఆప్షన్ తీసుకున్నారు, ఇరవై ఒక్క రోజుల గడువుంది. లీజు యాభై ఎనిమిదేళ్ళ పైచిలుకు మిగిలింది. ఈ సంగతి మామగారికి ఎలా చెప్పాలా అని ఆయన రెండు వారాలు మథనపడ్డాడు, అయిదెకరాల పొలాన్ని అంగుళం అమ్మకుండా కాపాడిన మనిషి ఆ మామగారు. వీడియో కాల్‌లో మొత్తం చెప్పారు: లీజు, ఆరు నెలల షరతు, ఏళ్ళ లెక్క, అన్నీ. ఆయన విన్నారు. "మీరుండేది మీరు చూసుకోండి" అన్నారు. తర్వాత, వంటింట్లో పొయ్యి ఏ దిక్కున ఉందో ఫోటో తీసి పంపమన్నారు. తూర్పు కాకపోతే బేరం వదిలేయమన్నారు.