తడిసిన పుస్తకం



2009 అక్టోబరులో కృష్ణకు వరద వచ్చి దివిసీమలో కరకట్ట లోపలి లంక గ్రామాలు మునిగాయి. నీరు తీసిన మూడోనాడు నేనొక ఇంటికి వెళ్లాను. ఆ ఇంటి పెద్దావిడ ఉబ్బిపోయి బూజు వాసన కొడుతున్న ప్రార్థనల పుస్తకం నా చేతిలో పెట్టి, "దీన్నేం చెయ్యమంటారు ఫాదరుగారూ?" అని అడిగింది. అది చనిపోయిన ఆమె భర్తది. "దీవించిన వస్తువు గదమ్మా, చెత్తలో వేయకు. కాల్చి బూడిద మట్టిలో కలుపు. ప్రార్థనలు ఎక్కడికీ పోవు, కొత్తది నేనిస్తాను" అన్నాను. నేను చెప్పింది మన ఆచారమే. అయినా ఆ మాట నన్ను ఇప్పటికీ వదలలేదు.

సెమినరీలో తత్వశాస్త్రం చదివినవాణ్ణి. ఒకే రూపం గల రెండు వస్తువులను వేరు చేసేది వాటి పదార్థమేనని పునీత అక్వినాసు తోమాసు బోధించారు. అచ్చయిన ప్రతులన్నిటిలో ప్రార్థనలు ఒకటే. ఆమె ప్రతిలో మాత్రం మొదటి పేజీ మీద ఐదుగురు బిడ్డల జ్ఞానస్నానపు తేదీలు ఆయన దస్తూరీతో ఉన్నాయి. అది నాకు తరువాత తెలిసింది. ఆనాడు నేను తెరిచి చూడనేలేదు.

ప్రాణం, బియ్యం, మంచినీళ్లు ముందు, పుస్తకం తరువాతే. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన చూసిన దివిసీమకు ఈ మాట ఒకరు చెప్పనక్కరలేదు. అయితే ఆకలి తీరాక కూడా "కాగితమే గదా" అనడం న్యాయమా? జ్ఞానస్నానానికి రుజువు దొరకనప్పుడు, ఎవరికీ నష్టం లేకపోతే, నమ్మదగిన ఒక్క సాక్షి మాట చాలునంటుంది శ్రీసభ చట్టం 876వ సూత్రం. అదే చట్టం 535వ సూత్రంలో రిజిస్టర్లను జాగ్రత్తగా భద్రపరచమని విచారణ గురువును ఆదేశిస్తుంది.

1966 నవంబరు 4న ఇటలీలో ఆర్నో నది ఫ్లోరెన్సు నగరాన్ని ముంచినప్పుడు ఎక్కడెక్కడి విద్యార్థులో వచ్చి జాతీయ గ్రంథాలయపు బురదలోంచి పుస్తకాలు చేతుల మీదుగా అందించుకొన్నారు. కొన్నిటిని పొగాకు ఆరబెట్టే బ్యారన్లలో ఆరబెట్టారు. మనకు ఫ్యాను చాలు.

2024 సెప్టెంబరులో కృష్ణ మళ్లీ పొంగింది, ఇకముందూ పొంగుతుంది కనుక చెబుతున్నాను. మన ఉక్కలో రెండు రోజులకే బూజు పడుతుంది. బురద ఉంటే పుస్తకాన్ని మూసి పట్టుకొని మంచినీటిలో కడగండి; సిరా రాత ఉన్నదాన్ని మాత్రం కడగవద్దు. అంటుకొన్న పేజీలను బలవంతాన విడదీయవద్దు. మధ్య మధ్య తెల్ల కాగితాలు పెట్టి, అవి తడవగానే మారుస్తూ నీడలో గాలికి ఉంచండి. ఎండలో పెడితే వంకర పోతుంది. నున్నటి బొమ్మల కాగితమైతే ఆరిన తరువాత అట్ట కడుతుంది, తడిగా ఉండగానే మెల్లగా విప్పాలి. అన్నీ ఒకేసారి కుదరకపోతే ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి ఫ్రిజ్‌లో ఐసు అరలో పెట్టండి, బూజు ఆగుతుంది. ఆయాసం ఉన్నవాళ్లు బూజు పుస్తకం జోలికి పోకూడదు. అంగట్లో దొరికేదాన్ని చివరికి వదిలి, చేతిరాత ఉన్నదాన్ని ముందు చూడండి. ఏది విలువైనదో ఇంటి పెద్దవాళ్లను అడగండి, నాలాంటివాణ్ణి కాదు.

ఆ ఏడు క్రిస్మసుకు ఆవిడ గుడికి వచ్చింది. పుస్తకం నేను చెప్పినట్లే కాల్చిందట. మొదటి పేజీ మాత్రం చింపి, పరుపు కింద ఆరబెట్టి దాచుకొంది. సిరా కరిగి నీలి మరక మిగిలింది. మా రిజిస్టరు ఎత్తున ఉండబట్టి తడవలేదు. అందులో చూసి ఐదుగురి పేర్లూ తేదీలూ బాల్‌పెన్నుతో రాసి ఇచ్చాను. ఆవిడ నా కాగితాన్ని ఆ నీలి మరక మీద పెట్టి, రెంటినీ కలిపి మడిచి, కొంగున ముడి వేసుకొంది.