మూడో పెడల్ ఎవరిది?

వనస్థలిపురంలో మా వీధి చివరింటి ముందు ఓ మహీంద్రా పికప్ ఉంటుంది. 80ల నాటిది. ముందు భాగం అచ్చం జీపు, వెనక తొట్టి. ఒకప్పుడు సిమెంటు బస్తాలు మోసింది, ఇప్పుడు దాని యజమానిని మాత్రమే మోస్తోంది. ఆయనకి డెబ్బై దాటాయి, ఎడమ మోకాలు అరిగిపోయింది. సాయంత్రం పూట పనామా నుంచి ఎల్బీనగర్ దాకా హాఫ్ క్లచ్ మీద పాకుతూ వెళ్ళడం ఇంక తనవల్ల కాదంటారు. అందుకని బండిని ఆటోమేటిక్ చేయించాలని ఆయన ఆలోచన. అమ్మేసి కొత్త థార్ ఆటోమేటిక్ కొనుక్కోమని కొడుకు. పాత బండ్లంటే ప్రాణమిచ్చే స్నేహితులేమో, గేర్‌బాక్సు మార్చాక అది ఆ బండే కాదు పొమ్మంటున్నారు.

కొడుకుది డబ్బూ సౌకర్యాల లెక్క, పక్కన పెట్టొచ్చు. స్నేహితుల మాట అలా కాదు. అది నిజమేనా?

ముందు వాళ్ళ పక్షానే మాట్లాడతాను. ఈ మార్పు ఒక పెడల్ పీకేయడంతో అయిపోదు. ఫ్లైవీల్, క్లచ్ ప్లేటు తీసేసి టార్క్ కన్వర్టర్ పెట్టాలి. ఆ ఇంజనుకీ ఈ గేర్‌బాక్సుకీ బోల్టు రంధ్రాలు కలవవు కాబట్టి మధ్యలో ఓ అడాప్టర్ ప్లేటు చేయించాలి. పొడవు మారుతుంది గనక ప్రొపెల్లర్ షాఫ్ట్ మళ్ళీ కొలతకి కోయించాలి. ఆయిల్ వేడెక్కకుండా కూలర్ పెట్టాలి. ఇన్నీ అయ్యాక, బ్యాటరీ దిగిపోయిన రోజు నలుగురు తోస్తే స్టార్టయ్యే బండి కాదది. మామూలు ఆటోమేటిక్‌లో ఆయిల్ పంపు ఇంజను తిరిగితేనే తిరుగుతుంది. ఆ ఒత్తిడి లేకపోతే గేరు పట్టదు. నాకైతే ఇది చిన్న నష్టంగా అనిపించదు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు వచ్చి భుజం పెట్టే బండికీ, రికవరీ వ్యాన్ కోసం ఎదురుచూసే బండికీ తేడా ఉంది.

అయినా ఆ వాదన నిలబడదనే అనుకుంటాను. ఏఎంటీ సంగతి చూడండి, 2014లో మారుతి సెలేరియోతో మన రోడ్ల మీదికి వచ్చిందే. అందులో ఉండేది మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ కూడా ఉంటుంది. దాన్ని నొక్కే పనీ గేరు మార్చే పనీ ఓ చిన్న కంప్యూటర్‌కి అప్పజెప్పారు, అంతే. ఊరికే ఊహకోసం, ఈ పికప్‌కి అలాంటిదే అమర్చామనుకుందాం. ఒక్క గేరు పన్ను కూడా మారలేదు. ఒప్పుకుంటారా అని ఆ స్నేహితుల్ని అడిగాను. ఒప్పుకోలేదు! అంటే వాళ్ళ బాధ భాగాల గురించి కాదన్నమాట. వాళ్ళు ప్రేమిస్తున్నది ఓ ఎడమకాలు చేసే పనిని: మొండికేసే గేరుకి రెండుసార్లు క్లచ్ తొక్కి, ఇంజను చప్పుడు విని, సరిగ్గా ఆ క్షణానికి వేయడం. ఆ విద్య గొప్పదే. కానీ ఆ కాలు వాళ్ళది కాదు.

మిలింద పన్హ అనే పాళీ గ్రంథంలో రథమంటే ఇరుసా, చక్రాలా, నొగలా అని నాగసేనుడు మిలిందరాజును అడిగే ఘట్టం చాలామందికి తెలుసు. ఏ ఒక్క భాగమూ రథం కాదు, అన్నీ కూడినప్పుడు మనం పెట్టుకున్న పేరే రథం అని తేలుతుంది. మనం మరిచిపోయేది దానికి ముందు మాట. మిట్టమధ్యాహ్నం వేడి ఇసుక మీద నడిస్తే మీ పాదాలు నొస్తాయి కదా, నడిచొచ్చారా, బండెక్కి వచ్చారా అని భిక్షువు ముందు అడుగుతాడు. అంత పెద్ద తాత్విక చర్చ కాళ్ళ నొప్పి దగ్గర మొదలైంది.

మన చట్టంలోనూ ఈ తగువు రెండు పేర్లతో కనిపిస్తుంది. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటి, చాసీ, బాడీ, ఇంజను పెద్దగా మారని బండికి ప్రత్యేక రిజిస్ట్రేషన్ ఇస్తారు. కానీ దాన్ని రోజూ తిప్పుకోవడానికి లేదు. ప్రదర్శనకో, ర్యాలీకో, రిపేరుకో తీసుకెళ్ళాలి. మారని బండికి గౌరవం దక్కింది, రోడ్డు దక్కలేదు. మరోవైపు 2019 సవరణ మోటారు వాహనాల చట్టంలోని 'ఇన్వాలిడ్ క్యారేజ్' అన్న మాట తీసేసి 'అడాప్టెడ్ వెహికిల్' అన్నది పెట్టింది. మొదటి మాట మనిషిలో లోపాన్ని చూసింది. రెండోది మనిషికి తగ్గట్టు బండి ఒదగాలంటోంది.

అలాగని ఎవరిష్టమొచ్చినట్టు వాళ్ళు మార్చుకోవడానికి లేదు. తయారీదారు ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చొద్దని 52వ సెక్షన్ చెబుతుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా గట్టిగా అదే చెప్పింది. కాబట్టి ఆటోనగర్‌లో మెకానిక్ దగ్గరికంటే ముందు ఆర్టీవో ఆఫీసుకి వెళ్ళాలి.

అనుమతి దొరికితే మాత్రం చేయించమనే అంటాను. చాసీని కోయకుండా చేయించాలి. పాత గేర్‌బాక్సుని తుక్కుకి వేయకుండా గ్రీజు పూసి, గోనెసంచిలో చుట్టి, మెట్ల కింద పెట్టుకోవాలి. ఎందుకంటే ఆ మోకాలికి ఉన్న హక్కు ఆయన నడిపినంత కాలానిదే. తర్వాత నడిపేవాళ్ళ కాళ్ళు ఎలా ఉంటాయో, వాళ్ళకేం కావాలనిపిస్తుందో ఇప్పుడే తేల్చేయడం కూడా ఆ స్నేహితులు చేస్తున్నలాంటి పనే.

ఇక క్లచ్ విద్య అంతరించిపోతోందని బెంగపడే ఆ స్నేహితులకి ఎవరి బండ్లు వాళ్ళకున్నాయి, ఇళ్ళల్లో పిల్లలూ ఉన్నారు. ఆదివారం పొద్దున్నే ఖాళీ రోడ్డు చూసుకుని నేర్పొచ్చు.