విశ్వాసమా? దేవుని శోధించుటయా?

కాలిఫోర్నియాలోని మొహావీ ఎడారిలో రోజర్స్ అను ఎండిన సరస్సు గలదు. చలికాలపు వానలకు దానిపై పలుచగా నీరు నిలుచును; గాలి ఆ నీటిని అటునిటు త్రోయగా, ఎండిన పిమ్మట నేల బల్లపరుపై గట్టిపడును. క్రొత్త విమానములను మొదటిసారి ఎగురజేసి చూచుటకు ఆ స్థలము తగినదాయెను. 1948 జూన్ 5న అక్కడి పరీక్షలో విమానము కూలి, నలుగురు సహచరులతో ప్రాణము విడిచిన గ్లెన్ ఎడ్వర్డ్స్ పేరే ఆ విమానస్థావరమునకు పెట్టిరి.

ప్రియ చదువరీ, మునుపెవ్వరును ఎక్కని యంత్రమును ఎక్కువాడు దేవుని శోధించుచున్నాడా? మన ప్రభువు దేవాలయ శిఖరమునుండి దుముకుటకు ఒప్పుకొనలేదు గదా!

అక్కడనే ఎగిరిన ఎక్స్-15 అను విమానము సంగతి చూడుము. అది మహావేగము కొరకే చేయబడినది. అయినను 1959 జూన్ 8న స్కాట్ క్రాస్‌ఫీల్డ్ దానిని మొదట నడిపినప్పుడు ఇంజను రగిలింపనేలేదు. పెద్ద విమానము రెక్క క్రిందనుండి విడివడి, గాలిలో జారుచు దిగెను. నేల సమీపించినప్పుడు దాని ముక్కు పైకిని క్రిందికిని ఊగులాడెను. అయినను అతడు క్షేమముగా దించెను. సెప్టెంబరు 17న గాని ఇంజను బలముతో ఎగురలేదు. తరువాత మెట్టు మెట్టుగా వేగము పెంచుచు, 1967 అక్టోబరు 3న గంటకు 4,520 మైళ్లు అందుకొనిరి.

అయితే జాగ్రత్తయే మరణమును తప్పించునని తలంచకుము. ఆరు వారములకే, నవంబరు 15న, మైకేల్ ఆడమ్స్ నడిపిన ఎక్స్-15 ఆకాశముననే ముక్కలై, అతడు మరణించెను. అతడు శిఖరమునుండి దుమికినవానివంటివాడా? కాదు. ఆ దుముకుటవలన ఎవరి ఆకలియు తీరదు, ఎవరి గాయమును మానదు. దేవుడు పట్టుకొనునో లేదో చూచుటయే దాని పని. శిఖరముపై ప్రాణమును పణముగా పెట్ట నిరాకరించిన ప్రభువే గొల్గొతాలో దానిని మనకొరకు అప్పగించెను. ప్రాణాపాయము రెండుచోట్లను ఉన్నది. ఎవరికొరకు అనునదే భేదము. ఎడారిలో ఎగిరిన యంత్రములలో కొన్ని యుద్ధము కొరకు చేయబడినవి. ఈ ప్రశ్న వాటిని చేయించినవారిని కూడ అడుగవలసినదే.

మన ఇండ్లలో ఏమి జరుగుచున్నది? జ్వరముతో కాలిపోవు బిడ్డను వైద్యునికి చూపక, “నాకు విశ్వాసమున్నది” అని తండ్రి చెప్పును. తీర్చు దారిలేని అప్పు తెచ్చి ఘనముగా పెండ్లి చేసి, “ప్రభువే చూచుకొనును” అని మరియొకడనును. సాహసము తండ్రిది, వెల చెల్లించునది బిడ్డ. అంటువ్యాధి సోకినవానిని సేవింపబోవు స్త్రీయో, చేతులు కడుగుకొని, ముఖమునకు గుడ్డ కట్టుకొని లోపలికి పోవును. ఆమె ఆ రోగముతోనే కన్నుమూసినను దేవుని శోధించినది కాదు.

చదువరీ, నీవు తలపెట్టిన కార్యమును నేటి రాత్రి ప్రభువు సన్నిధిని పరచుము. ఇది ఎవరి మేలుకొరకు? నేను చేయగల జాగ్రత్త అంతయు చేసితినా? ఈ రెంటికి సమాధానము చెప్పుకొనగలిగితివా, భయపడక లెమ్ము. చెప్పుకొనలేకపోతివా, ఆగుము. ఆగుట అవిశ్వాసము కాదు.