కిడ్నీ జబ్బు కర్మఫలం కాదు



శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్లో కష్టం చేసుకునేవాళ్లు ఏళ్ల తరబడి కిడ్నీ జబ్బుతో పోతున్నారు. షుగరు, బీపీ లేనివాళ్లకీ వస్తోంది. నీళ్లా, ఎండా, పురుగుమందులా అని వెతికారు. ఇదీ అని ఒక్క కారణం తేలలేదు. తేలలేదు గనుక పూర్వజన్మ పాపం అనేస్తారు కొందరు. మనం అనకూడదు. బాధలన్నీ గతకర్మ వల్లేనా అని సీవకుడనే పరివ్రాజకుడు అడిగితే, తథాగతుడు కాదన్నాడు. పిత్తం, కఫం, వాతం, ఋతువుల మార్పు కూడా కారణాలేనని చెప్పాడు.

ఈ జబ్బు మొదట్లో నొప్పి పెట్టదు, అదే దాని మోసం. రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష చేయించుకోండి. ఒళ్లు నొప్పులని డాక్టరుకు చూపించకుండా నొప్పి బిళ్లలు మింగకండి.

విరేచనాలతో పడివున్న భిక్షువుకు తథాగతుడు నీళ్లు పోస్తే ఆనందుడు కడిగాడు. మన పేటలో డయాలసిస్‌కు వెళ్లేవాళ్లకు తోడు ఎవరు? పౌర్ణమికి విహారానికి రండి, వంతులు రాసుకుందాం.