కోటయ్య సామిని తిట్టిన మాట

నరసరావుపేటలో మా కేబుల్ చానల్ కోటప్పకొండ తిరునాళ్ళ లైవ్ వేసేటప్పుడు ఆడియో నా చేతికిందే ఉంటది. లైవ్ కొన్ని సెకన్లు ఆలస్యంగా పోతది గనక బూతు వస్తే బీప్ వెయ్యొచ్చు. ఓసారి ప్రభల దగ్గర ఒక ముసలమ్మ మైకు లాక్కొని, కొండ మీది కోటయ్య సామి వైపు చెయ్యెత్తి, "ఏం సామీ, కళ్ళు దొబ్బినయ్యా నీకు? మిరప్పైరు మొత్తం ఎండిపాయె!" అని అరిచింది. నేను బీప్ వెయ్యలేదు.

1994 నాటి కేబుల్ టీవీ నిబంధనల్లో ఆరోది అసభ్యతనీ, మతాల్ని కించపరిచే మాటల్నీ వద్దంటది. మంచిదే. కానీ ఆమె కించపరిచిందా, మొరపెట్టుకుందా? గోల్కొండ ఖైదులో రామదాసు, చేయించిన నగల లెక్కలు తీసి ఒక పాటలో రాముణ్ణే నిలదీశాడు. తిట్టానని కోప్పడొద్దని ఆ పాటలోనే బతిమాలాడు. కాసుల పురుషోత్తమ కవి శ్రీకాకుళాంధ్ర విష్ణువు మీద శతకమంతా నిందాస్తుతిగానే నడిపాడు. దేవుడు లేడనుకునేవాడు ఆయనతో తగాదా పెట్టుకోడు. ఆమె తిట్టులో ఉన్నంత నమ్మకం నా దణ్ణంలో లేదు.

నా బదులు కంప్యూటర్ ఫిల్టర్ అయితే జాబితాలో మాట దొరగ్గానే నోరు నొక్కుద్ది. సాటి మనుషుల్ని పురుగుల్లా తీసిపారేసే ఉపన్యాసంలో ఒక్క బూతూ లేకపోతే దాన్ని దర్జాగా పోనిస్తది. నా లెక్కలో పాపం ఆ రెండోదే.

మా ఇంటావిడ ఒప్పుకోదు. "ఆ ముసలమ్మ మాట మన పిల్లోడు పట్టుకున్నాడు, వాడికి నిందాస్తుతి నువ్వే నేర్పు" అంటది.