తెగిన బొటనవేలు, తీరని ఋణం

పరిహారం అనే మాట తెలుగువారికి రెండు చోట్ల ఎదురవుతుంది: గుడిలో దోషపరిహారంగా, కార్మిక శాఖ కార్యాలయంలో నష్టపరిహారంగా. మొదటిదానిలో దోషం అంటినవాడే పూజో దానమో చేసి దాన్ని తొలగించుకుంటాడు. రెండవదానిలో పనిచేస్తూ గాయపడినవాడికి యజమాని సొమ్ము చెల్లిస్తాడు. ఆ సొమ్ము తెగిన అవయవానికి ధరా, లేక తీర్చవలసిన ఋణమా అన్నది ధర్మవిచారణలో చిన్న ప్రశ్న కాదు. ఎందుకంటే ధర అయితే చెల్లించిన రోజుతో సంబంధం ముగుస్తుంది, ఋణమైతే గాయపడినవాడు మళ్లీ నిలదొక్కుకునేదాకా మిగిలే ఉంటుంది.

మానని గాయం వల్ల మనిషి సంపాదనా సామర్థ్యం కొంతమేర ఎప్పటికీ తగ్గిపోవడాన్ని శాశ్వత పాక్షిక వైకల్యం అంటారు. 1923 నాటి నష్టపరిహార చట్టానికి జోడించిన పట్టిక ఈ తగ్గుదలను అంకెల్లో చెప్పింది: బొటనవేలు పోతే 30 శాతం, చూపుడువేలు పూర్తిగా పోతే 14, చిటికెనవేలు పోతే 7. నెలకు 15,000 రూపాయల జీతంతో పవర్ ప్రెస్ మీద పనిచేసే 30 ఏళ్ల కార్మికుడి బొటనవేలు తెగితే, జీతంలో 60 శాతాన్ని, అంటే 9,000 రూపాయలను, ఆ వయసుకు నిర్ణయించిన 207.98తో హెచ్చించి, వచ్చిన మొత్తంలో 30 శాతం లెక్కకడతారు. అది 5,61,546 రూపాయలు.

లెక్క అవసరమే, ఎందుకంటే అది లేకపోతే పేదవాడి గాయం యజమాని దయకు మిగిలిపోతుంది. అయితే అన్నం కలిపి ముద్ద చేయడానికి, చొక్కా గుండీ పెట్టుకోవడానికి, కొలబద్ద పట్టుకోవడానికి కావలసిన వేలు అదే. మహాభారతం ఆదిపర్వంలో ఏకలవ్యుడు బొటనవేలు కోసి ఇచ్చాక మిగిలిన వేళ్లతోనే బాణాలు వేశాడు గాని, ఆ చేతికి మునుపటి వేగం రాలేదు. వేటగాడి పోయిన వేగాన్ని, గుమస్తా పోయిన వేగాన్ని పట్టిక ఒకే శాతంతో కొలుస్తుంది. ధర్మం మాత్రం ఆ వేలితో ఏ పని సాగేదో కూడా అడుగుతుంది.

సుప్రీంకోర్టు 1975లో ఈ ప్రశ్నే అడిగింది. మోచేతికి పైన ఎడమచేయి కోల్పోయిన వడ్రంగి ఒంటిచేత్తో వడ్రంగం చేయలేడు గనుక, అతడి నష్టం పాక్షికం కాదు, సంపూర్ణమేనని అది నిర్ణయించింది. పరిహారం చెల్లించే బాధ్యత అధికారి లెక్కకట్టిన రోజున గాక, గాయపడిన రోజునే పుడుతుందని కూడా అదే తీర్పు చెప్పింది. మనిషి పుట్టుకతోనే ఋణగ్రస్తుడని చెప్పే శతపథ బ్రాహ్మణం, దేవ, ఋషి, పితృ ఋణాలతో పాటు సాటి మనుషులకు తీర్చవలసిన ఋణాన్నీ పేర్కొంటుంది. ఆ దృష్టితో చూస్తే ఆ తీర్పులోని బాధ్యత కూడా ఋణం వంటిదే: ఎవరూ లెక్క రాయకముందే అది పుట్టి ఉంటుంది.

గాయపడినవాణ్ని చూసి ‘వాడి కర్మ’ అనడం లోకంలో ఉన్నదే. కర్మ సిద్ధాంతం తన నడవడిని తాను సరిదిద్దుకోవడానికి చెప్పినదే తప్ప, ఎదుటివాడి బాధ నుంచి తప్పుకోవడానికి చెప్పినది కాదు. యజమాని నిర్లక్ష్యం రుజువు కాకపోయినా పరిహారం ఇవ్వవలసిందేనన్న చట్టసూత్రం వెనుక కూడా ఇదే వివేకం ఉంది: పని ఫలం ఎవరికి చేరుతుందో, ఆ పనిలోని ప్రమాదభారం కూడా వారికే చెందాలి. ఇ.ఎస్.ఐ. పథకంలో ఈ చెల్లింపు సామర్థ్యనష్టాన్ని బట్టి నెలనెలా జీవితాంతం అందడం ఋణభావానికి మరింత దగ్గరగా ఉంటుంది. అయినా సొమ్ముతో తీరేది ఋణంలో ఒక భాగమే. ఎడమచేత్తో ముద్ద కలుపుకోవడం కొత్తగా నేర్చుకుంటున్న మనిషికి, మిగిలిన వేళ్లతో చేయగల పని నేర్పి, ఆ పనిలో అతణ్ని మళ్లీ కూర్చోబెట్టినప్పుడే మిగతా భాగం తీరుతుంది.